బొమ్మ రైలు మీది పేరు ఎవరి సొత్తు?

2004లో అమెరికాలోని ఒమాహా నగరంలో, ఫెడరల్ కోర్టులో ఒక దావా పడింది. వేసింది యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ. 1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన చట్టంతో పుట్టి, 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర తూర్పు పట్టాలనూ పడమటి పట్టాలనూ కలిపిన రెండు కంపెనీల్లో ఇదొకటి. దావా ఎదుర్కొన్నవి లయనెల్, అథర్న్ అనే కంపెనీలు. అవి రైళ్లు నడపవు, బొమ్మ రైళ్లు చేసి అమ్ముతాయి. ఆ బొమ్మల మీద తన పేరూ, డాలు ఆకారంలో ఉండే తన గుర్తూ, తనలో కలిసిపోయిన పాత కంపెనీల పేర్లూ అనుమతి లేకుండా వేస్తున్నారని యూనియన్ పసిఫిక్ ఫిర్యాదు. లైసెన్స్ తీసుకోండి, అమ్మకాల మీద రాయల్టీ కట్టండి అని అంతకు ముందు నుంచే అది మోడల్ రైళ్ల తయారీదారులను అడుగుతూ వచ్చింది.

కోట్ల డాలర్ల సరుకు మోసే కంపెనీకి ఈ రాయల్టీ ఏపాటి అనిపించవచ్చు. కానీ మోడల్ రైళ్ల లోకంలో ఈ దావా పెద్ద కలకలం రేపింది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ వ్యాపకం సంగతి కొంచెం తెలియాలి.

మోడల్ రైలు అంటే కీ ఇస్తే గుండ్రంగా తిరిగే పిల్లల ఆటవస్తువు మాత్రమే అనుకోకూడదు. దీన్ని కొనేదీ కట్టేదీ ఎక్కువగా పెద్దవాళ్లే. అమెరికాలో ఎక్కువ మంది ఎంచుకునే కొలత హెచ్ఓ స్కేలు. అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇల్లు ఇరుకైతే ఎన్ స్కేలు ఉంది. అది 160వ వంతు, పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే. ఎవరి పట్టాల మీదైనా ఎవరి పెట్టెలైనా నడవాలని కొలతలకు ప్రమాణాలు రాసుకోవడానికి 1935లోనే మిల్వాకీలో ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఈ వ్యాపకంలో బాగా మునిగినవాళ్లు ఏదో ఒక రైలు చేసి ఊరుకోరు. ఫలానా కనుమలో, ఫలానా ఏడాది, ఫలానా కంపెనీ నడిపిన బండినే తిరిగి కడతారు. పాత ఫోటోలు పక్కన పెట్టుకుని రివెట్లు లెక్కపెడతారు, తుప్పు మరకలు కుంచెతో దిద్దుతారు.

అలా కట్టిన బండి మీద పేరు లేకపోతే అది ఏ బండీ కాదు. పసుపూ బూడిదరంగూ వేసి, ఎర్ర అక్షరాలతో యూనియన్ పసిఫిక్ అని రాస్తేనే అది వయోమింగ్ మైదానాల్లో పరుగెత్తిన ఇంజన్ అవుతుంది. ఇంజన్‌కు చక్రాలు ఎంత అవసరమో, నమూనాకు పేరు అంత అవసరం. ఈ వివాదమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ట్రేడ్‌మార్క్ చట్టం ఉన్నదెందుకు? కొనేవాణ్ని మోసం నుంచి కాపాడటానికి. సబ్బు మీద ఒక పేరు చూసి కొంటే, ఆ సబ్బు ఆ కంపెనీదే అయి ఉండాలి. పేరు సంపాదించుకున్న మంచి నమ్మకాన్ని మరొకరు దొంగిలించకూడదు. కాపీరైట్‌కూ పేటెంట్‌కూ గడువు ఉంటుంది. ట్రేడ్‌మార్క్‌కు లేదు. వాడుతూ, రెన్యువల్ చేసుకుంటూ పోతే వందేళ్లయినా నిలుస్తుంది. అంత దీర్ఘమైన హక్కు కనుకే దానికి హద్దులూ పెట్టారు. మొదటి హద్దు, గుర్తును ఏ సరుకుకు నమోదు చేశారో ఆ తరగతి. అంతర్జాతీయ వర్గీకరణలో రవాణా సేవలు 39వ తరగతిలోకి, బొమ్మలు 28వ తరగతిలోకి వస్తాయి. రెండో హద్దు, వాడుక. పేరును వాడకుండా వదిలేస్తే హక్కు పోతుంది. అమెరికా చట్టంలో వరుసగా మూడేళ్లు వాడకపోతే వదిలేసినట్టే భావిస్తారు, కాదని నిరూపించుకోవాల్సిన భారం యజమానిదే.

మరి బొమ్మ ఇంజన్ మీద యూనియన్ పసిఫిక్ అని ఉంటే, కొనేవాడు దాన్ని ఆ రైల్వే కంపెనీయే తయారు చేసిందనుకుంటాడా? అనుకోడు. పెట్టె మీద లయనెల్ అనో అథర్న్ అనో చూసే కొంటాడు. నాణ్యత బాగుంటే వాళ్లను మెచ్చుకుంటాడు, మోటారు కాలిపోతే వాళ్లనే తిడతాడు. ఇంజన్ మీది పేరు ఆ నమూనా దేనిదో చెబుతుంది, పెట్టె మీది పేరు దాన్ని ఎవరు చేశారో చెబుతుంది. అబిడ్స్ వీధిని ఒక చిత్రకారుడు ఉన్నదున్నట్టు గీస్తే దుకాణాల బోర్డులు కూడా బొమ్మలోకి వస్తాయి. ఆ బొమ్మను దుకాణదారులు అమ్ముతున్నారని ఎవరూ అనుకోరు.

మోడల్ రైళ్ల వాళ్లకు చట్టం కన్నా ఎక్కువ బాధ కలిగించింది చరిత్ర. దశాబ్దాల పాటు రైల్వే కంపెనీలు ఈ బొమ్మలను తమకు ఉచితంగా దొరికిన ప్రచారంగానే చూశాయి. 1900లో న్యూయార్క్‌లో జాషువా లయనెల్ కోవెన్ స్థాపించిన లయనెల్ కంపెనీ, 1948లో ఎఫ్3 అనే డీజిల్ ఇంజన్ నమూనాను మార్కెట్లోకి తెచ్చింది. దాని అచ్చులకు బాగా ఖర్చయింది. ఆ ఖర్చులో కొంత భాగాన్ని అసలు ఇంజన్ తయారు చేసే జనరల్ మోటార్స్, దాన్ని నడిపే శాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలు పంచుకున్నాయి. క్రిస్మస్ చెట్టు కింద తిరిగే రైలు మీద తమ పేరు కనబడితే, ఆ ఇంటి పిల్లవాడు పెద్దయ్యాక తమ రైలే ఎక్కుతాడని వాళ్ల ఆశ. శాంటా ఫే వారి ఎర్ర, వెండి రంగుల ఇంజన్ అమెరికా ఇళ్లలో అంతగా నాటుకుపోవడంలో ఆ బొమ్మ పాత్ర చాలా ఉంది. తమ పేరు బొమ్మ మీద వేసినందుకు ఒకప్పుడు రైల్వేలే ఎదురు డబ్బిచ్చాయి. అరవై ఏళ్లు తిరక్కుండానే ఆ డబ్బు పారే దిశ మారింది.

మారడానికి కారణాలున్నాయి. 1970ల తర్వాత అమెరికా రైల్వేలు ప్రయాణికులను దాదాపు వదిలేసి సరుకు రవాణాకే పరిమితమయ్యాయి. ఇంట్లో పిల్లవాడి అభిమానం వాటికి ఇక టికెట్టుగా మారదు. మరోవైపు విలీనాలు జరిగాయి. యూనియన్ పసిఫిక్ 1982లో మిస్సోరీ పసిఫిక్‌నూ, వెస్టర్న్ పసిఫిక్‌నూ, 1988లో కేటీ అని ముద్దుగా పిలిచే మిస్సోరీ కాన్సాస్ టెక్సస్‌నూ, 1995లో చికాగో అండ్ నార్త్ వెస్టర్న్‌నూ, 1996లో సదరన్ పసిఫిక్‌నూ కలుపుకుంది. సదరన్ పసిఫిక్‌తో పాటే డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ కూడా వచ్చింది. ఇలా మాయమైన రైల్వేలను అభిమానులు ఫాలెన్ ఫ్లాగ్స్ అంటారు. మోడల్ రైళ్లలో ఎక్కువ మంది ప్రేమగా కట్టుకునేవి ఇవే. తండ్రి పనిచేసిన కంపెనీ, తమ ఊరి స్టేషన్ మీద ఒకప్పుడు ఉన్న పేరు. పట్టాల మీద ఆ పేర్లు చెరిగిపోతుంటే వాటిని బతికించింది అభిమానుల ఇళ్ల నేలమాళిగల్లోని చిన్న లోకాలే. యూనియన్ పసిఫిక్ ఆ పేర్లకూ ఫీజు అడిగింది.

ఇక్కడే వాడుక అనే హద్దు ముందుకొచ్చింది. ఏళ్ల కిందట రద్దయిన కంపెనీ పేరు మీద హక్కు ఎలా నిలుస్తుంది? 2005, 2006 సంవత్సరాల్లో యూనియన్ పసిఫిక్ ఆరు కొత్త ఇంజన్లకు ఆ పాత కంపెనీల రంగులు గుర్తుకొచ్చేలా రంగులు వేయించి పట్టాల మీదికి తెచ్చింది. ఒక్కోదానికి 1982, 1983, 1988, 1989, 1995, 1996 అని నంబర్లిచ్చింది. చరిత్ర మీద గౌరవంతో చేశామంది కంపెనీ. పాత గుర్తులను వాడుకలో చూపించుకోవడానికే ఈ ఏర్పాటని చాలా మంది అభిమానులు అనుమానించారు. రెండూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు. ఆ ఇంజన్లు అందంగా ఉన్నాయన్నదీ నిజమే.

ఫీజు ఎంత, ఎవరి మీద ఎంత పడుతుంది అన్నది నిదానంగా చూడాల్సిన విషయం. ఊహకు ఒక లెక్క వేద్దాం. తయారీదారు టోకు ధరకు 100 డాలర్లకు అమ్మే ఇంజన్ మీద 5 శాతం రాయల్టీ అంటే 5 డాలర్లు. కొనేవాడికి అది పెద్ద భారం కాదు. అసలు బరువు శాతంలో ఉండదు, దాని చుట్టూ ఉండే షరతుల్లో ఉంటుంది. సాధారణంగా ఇలాంటి లైసెన్స్ ఒప్పందాల్లో ముందస్తు రుసుము ఉంటుంది. ఎంత తక్కువ అమ్మినా కట్టాల్సిన కనీస మొత్తం ఉంటుంది. ప్రతి బొమ్మ డిజైన్‌నూ ముందే పంపి ఆమోదం తీసుకోవాలి. లెక్కల పుస్తకాలు అడిగినప్పుడు చూపాలి. బీమా చేయించాలి. లయనెల్ లాంటి పెద్ద కంపెనీ దీనికి ఒక గుమాస్తాను పెట్టుకుంటుంది. కానీ ఈ వ్యాపకాన్ని లోపలి నుంచి నిలబెట్టేది అలాంటి కంపెనీలు కావు. ఉద్యోగం మానేశాక ఇంట్లోనే రెసిన్‌తో ఏ పెద్ద కంపెనీ చేయని అరుదైన వ్యాగన్ కిట్‌ను వంద రెండు వందలు పోతపోసి అమ్మేవాళ్లున్నారు. నీళ్లలో నానబెట్టి అంటించే డెకల్ కాగితాలు, అంటే కంపెనీ పేర్లూ నంబర్లూ అచ్చువేసిన పల్చని పొరలు, అచ్చువేసేవాళ్లున్నారు. డెకల్ వ్యాపారి జాబితాలో డజన్ల కొద్దీ రైల్వేల పేర్లుంటాయి. ప్రతి రైల్వేతోనూ విడిగా ఒప్పందం, విడిగా కనీస మొత్తం అంటే, కొన్ని డాలర్ల కాగితం మీద ఆ ఖర్చు ఎక్కడ రాబట్టుకుంటాడు? అతను చేయగలిగింది ఆ పేరును జాబితాలోంచి తీసేయడమే. తక్కువ అమ్ముడుపోయే పేర్లే ముందు పోతాయి, అంటే ఎవరూ గుర్తుంచుకోని చిన్న రైల్వేల పేర్లు. ఆ కాలం నాటి వాదనల్లో నాకు అన్నిటికన్నా న్యాయంగా తోచింది ఈ చిన్న తయారీదారుల భయమే.

యూనియన్ పసిఫిక్ వైపూ వాదన లేకపోలేదు. ట్రేడ్‌మార్క్‌ను ఎవరు పడితే వాళ్లు వాడుతుంటే చూస్తూ ఊరుకున్న యజమాని, రేపు నిజమైన నకిలీ మీద దావా వేసినప్పుడు చిక్కుల్లో పడతాడు. ఇన్నాళ్లూ పట్టించుకోలేదు కదా అని అవతలివాడు అంటాడు. టీషర్టుల మీద, కప్పుల మీద పేరు వేసేవాళ్లు ఫీజు కడుతుంటే బొమ్మలవాళ్లకు మినహాయింపు ఎందుకన్నదీ సహేతుకమైన ప్రశ్నే.

మరి కోర్టులు ఏమంటాయి? అమెరికాలోనే రెండు రకాలుగా అన్నాయి. 1975లో ఐస్ హాకీ జట్ల చిహ్నాలను గుడ్డ మీద కుట్టి అమ్మిన డల్లాస్ కంపెనీ మీద ఒక అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. జనం కొనేది ఆ చిహ్నం కోసమే కనుక దాని విలువ జట్టుదే, అనుమతి కావాల్సిందే అంది. 1980లో మరో అప్పీళ్ల కోర్టు, జాబ్స్ డాటర్స్ అనే సంఘం చిహ్నంతో ఆభరణాలు చేసిన నగల వ్యాపారి కేసులో దీనికి భిన్నంగా చెప్పింది. సభ్యులు తమ సభ్యత్వాన్ని చాటుకోవడానికి ఆ చిహ్నం పెట్టుకుంటారు, ఆ నగను సంఘమే చేసిందని భ్రమపడరు, కనుక తప్పు లేదంది. 1992లో అదే కోర్టు ఒక పాప్ సంగీత బృందం కేసులో ఇంకొక సూత్రం చెప్పింది. పేరు లేకుండా ఆ వస్తువును గుర్తించే మార్గమే లేకపోతే, అవసరమైనంత మేరకే వాడితే, యజమాని ఆమోదం ఉందన్న భావన కలిగించకపోతే, ఆ వాడకం న్యాయమైనదే. మోడల్ రైళ్లకు ఈ సూత్రం బాగా అతుకుతుంది. అయితే అంత ధీమా పనికిరాదు. 2006లో హమ్వీ అనే సైనిక వాహనాన్ని పోలిన బొమ్మలు చేసిన కంపెనీ మీద జనరల్ మోటార్స్ అప్పీళ్ల కోర్టులో గెలిచింది. చాలా ఏళ్లు ఊరుకున్నారు కదా అన్న బొమ్మలవాళ్ల వాదనను అక్కడ కోర్టు ఒప్పుకోలేదు.

ఈ ప్రశ్నకు నేరుగా జవాబు ఇచ్చింది ఐరోపా. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపొందిన న్యూరెంబర్గ్‌లో ఆటెక్ అనే కంపెనీ, ఓపెల్ ఆస్ట్రా కారును 24వ వంతుకు తగ్గించి రిమోట్‌తో నడిచే బొమ్మ చేసింది. ముందు భాగంలో ఓపెల్ మెరుపు గుర్తునూ ఉన్నదున్నట్టు పెట్టింది. ఓపెల్ దావా వేసింది. ఆ గుర్తును 1990 నుంచి కార్లకే కాక బొమ్మలకు కూడా నమోదు చేసుకుంది కనుక దాని చేయి బలంగానే ఉంది. 2007 జనవరి 25న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు జాగ్రత్తగా చదవదగ్గది. గుర్తు కేవలం వర్ణనే కనుక వాడుకోవచ్చన్న వాదనను అది ఒప్పుకోలేదు. కానీ సరుకు ఎవరిదో చెప్పడమే ట్రేడ్‌మార్క్ పని కనుక, బొమ్మ కొనేవాళ్లు ఆ గుర్తును చూసి బొమ్మ ఓపెల్ దగ్గర్నుంచి వచ్చిందనుకుంటారా అన్నదే తేల్చమంది. అసలు వాహనాలకు చిన్న నమూనాలు చేయడం జర్మనీలో పాత అలవాటనీ, కొనేవాళ్లు అచ్చం అసలులా ఉండాలని కోరతారనీ కింది కోర్టు ముందే నమోదు చేసింది. చివరికి 2010 జనవరిలో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు బొమ్మల కంపెనీ పక్షాన నిలిచింది. బొమ్మ మీది గుర్తు అసలు కారు మీది గుర్తుకు ప్రతిబింబం మాత్రమేనన్న మాట అక్కడ చట్టంగా నిలబడింది.

అమెరికాలో మాత్రం అలాంటి తీర్పు రాలేదు. అథర్న్ లైసెన్స్ తీసుకుని రాజీపడింది. లయనెల్ మరో కేసులో ఓడి 2004 నవంబరులో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. రెండు వైపులా పోరాడే స్థితిలో లేక 2006లో అదీ రాజీకి వచ్చింది. చివరిదాకా నిలబడింది మేరీల్యాండ్‌లోని ఎంటీహెచ్ అనే మరో మోడల్ రైళ్ల కంపెనీ. లయనెల్‌ను ఆ మరో కేసులో ఓడించింది కూడా అదే. దశాబ్దాలుగా రైల్వేలే ఈ పేర్లు వాడుకోనిచ్చాయన్న పట్టు విడవలేదు. 2006 నవంబరులో యూనియన్ పసిఫిక్ దిగివచ్చింది. మోడల్ రైళ్ల మీద తన పేర్లూ గుర్తులూ వాడుకోవడానికి తయారీదారులకు రాయల్టీ లేకుండా శాశ్వత లైసెన్స్ ఇస్తామంది. ఇది మోడల్ రైళ్లకే, టీషర్టులకూ కప్పులకూ కాదు.

అభిమానులు దీన్ని విజయంగా పండగ చేసుకున్నారు. వాళ్ల సంతోషం న్యాయమైనదే, చిన్న తయారీదారుల నెత్తిన బరువు దిగింది. కానీ ఆ కాగితాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ఉచితమే అయినా అది లైసెన్స్. లైసెన్స్ మీద సంతకం పెట్టినవాడు, ఈ పేరు నీదేనని ఒప్పుకున్నట్టే. తర్వాత కోర్టులో అది నీది కాదని వాదించడం అతనికి చాలా కష్టం. నాణ్యత మీద కన్నేసి ఉంచని లైసెన్స్ అసలు ట్రేడ్‌మార్క్ హక్కునే బలహీనం చేస్తుంది కనుక, డబ్బు అడగకపోయినా నాణ్యత షరతులు పెట్టడానికి యజమానికి గట్టి కారణం ఉంది. అంటే రైల్వే కంపెనీ వదులుకున్నది రాయల్టీని. యాజమాన్యాన్ని మరింత గట్టి చేసుకుంది. పేరు వాడుకునే వీలు తయారీదారులకు హక్కుగా దక్కలేదు, అనుమతిగా దక్కింది. రేపు ఇంకో రైల్వే, ఇంకో విమానాల కంపెనీ ఫీజు అడిగితే చూపించడానికి తీర్పు లేదు, ఒక ఒప్పందం ఉంది. న్యాయస్థానం మెట్లెక్కి చివరిదాకా వెళ్లే స్థోమత చిన్నవాడికి లేనప్పుడు, చట్టం తనవైపున్నా దాని వల్ల అతనికి ఒరిగేది తక్కువ. నాకు ఈ కథలో బాధ కలిగించేది ఇదే.

పేరు ఎవరిదన్న మాట వచ్చింది కనుక, అతి పెద్ద ఆవిరి ఇంజన్లలో లెక్కించే కొన్నిటి సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది. 1941 నుంచి 1944 వరకు యూనియన్ పసిఫిక్ కోసం అల్కో కంపెనీ స్కెనెక్టడీ కర్మాగారంలో 25 ఇంజన్లు కట్టింది. టెండర్‌తో కలిపి 40 మీటర్లకు పైనే ఉండే ఆ ఇంజన్‌ను హెచ్ఓ స్కేలులో చేస్తే దాదాపు 46 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని వాసాచ్ అని పిలుద్దామనుకున్నారట. ఈలోగా ఎవరో ఒక కార్మికుడు, పేరు ఎక్కడా దొరకదు, సుద్దముక్కతో దాని ముఖం మీద బిగ్ బాయ్ అని రాశాడు. ఆ పేరే నిలిచింది. వాటిలో 4014 నంబరు ఇంజన్‌ను కాలిఫోర్నియా మ్యూజియం నుంచి తెచ్చి, బాగుచేసి, 2019లో యూనియన్ పసిఫిక్ తిరిగి పరుగెత్తించింది. దాన్ని చూడటానికి దారి పొడవునా వచ్చిన జనంలో, చిన్నప్పుడు ఆ ఇంజన్‌ను బొమ్మగానే తెలిసినవాళ్లు చాలా మందే ఉండి ఉంటారు.

మన దగ్గర ఈ వ్యాపకం చిన్నదే కానీ 3డీ ప్రింటర్లు వచ్చాక పెరుగుతోంది. లాలాగూడ షెడ్డు పేరు రాసిన డబ్ల్యూఏపీ7 ఇంజన్‌ను ఇంట్లో ముద్రించుకునే కుర్రవాడు రేపు నాలుగు అమ్మాలనుకోవచ్చు. మన ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 నాటిది. 29వ సెక్షన్ ఏది ఉల్లంఘనో చెబుతుంది. బాగా పేరున్న గుర్తు అయితే వేరే తరగతి సరుకు మీద వాడినా తప్పు కావచ్చని అందులోనే ఉంది. 30వ సెక్షన్ నిజాయితీగల వాడకానికి చోటిస్తుంది. అయిదేళ్ల మూడు నెలలు వాడని గుర్తును రిజిస్టర్ నుంచి తీసేయమని అడగడానికి 47వ సెక్షన్ ఉంది. సొంతానికి చేసుకుని అల్మరాలో పెట్టుకునేదానికి ఇవేవీ అడ్డురావు, ట్రేడ్‌మార్క్ చట్టం పట్టించుకునేది వ్యాపారాన్ని. అమ్మాలనుకుంటే మాత్రం ఓపెల్ కేసులో ఆటెక్ ఏం చేసిందో చూడటం మంచిది. బొమ్మ కారు మీద ఓపెల్ గుర్తు ఒక్కటే ఉంది. రిమోట్ మీదా, వాడే పద్ధతి రాసిన కాగితం మీదా మాత్రం బొమ్మల కంపెనీ తన బ్రాండు పేరునూ, న్యూరెంబర్గ్ చిరునామానూ స్పష్టంగా వేసుకుంది. ఇంజన్ మీద లాలాగూడ, పెట్టె మూత మీద మన కుర్రవాడి సొంత పేరు. మూత మీద రైల్వే చిహ్నం వేసి, తన పేరు అడుగున చిన్న అక్షరాల్లో పెడితే మాత్రం కథ అంతా తారుమారవుతుంది.